నాలుగు వాటాల కోట: ఒక సముద్రతీర నవలలోని తేలికదనం గురించి

ఫిబ్రవరి మధ్యాహ్నం. లండన్‌లో ముసురు పట్టి ఉంది. హాంప్‌స్టెడ్ నుంచి బజారు పని మీద వచ్చిన లాటీ విల్కిన్స్ అనే గృహిణి, షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని ఒక మహిళల క్లబ్బులో ‘ది టైమ్స్’ పత్రిక తిరగేస్తూ ఒక చిన్న ప్రకటన దగ్గర ఆగిపోతుంది. విస్టీరియా పూలనూ ఎండనూ ఇష్టపడేవారి కోసమంటూ మొదలయ్యే ఆ ప్రకటనలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న పాతకాలపు ఇటాలియన్ కోటను ఏప్రిల్ నెలకు సామానుతో సహా అద్దెకిస్తామని, అవసరమైన పనివాళ్ళు ఇంట్లోనే ఉంటారని రాసి ఉంటుంది. కాసేపటికి అదే క్లబ్బులో, ముఖపరిచయం తప్ప మాట పరిచయం లేని రోజ్ అర్బత్‌నాట్ అదే పత్రికలో అదే పేజీ చూస్తూ కనిపిస్తుంది. ఎవరితోనూ చొరవగా మాట్లాడలేని లాటీ తనంత తాను వెళ్ళి ఆమెను పలకరిస్తుంది. 1922లో వెలువడిన ఎలిజబెత్ ఫాన్ ఆర్నిమ్ నవల ‘ది ఎన్‌చాంటెడ్ ఏప్రిల్’ ఇలా మొదలవుతుంది.

ముక్కూమొహం తెలియనివాళ్ళు కొందరు సముద్రపొడ్డున ఒక ఇంటిని కొన్ని వారాలకు అద్దెకు తీసుకుని, వచ్చినప్పటికన్నా తేలికపడ్డ మనసులతో వెళ్ళిపోయే కథలు సెలవుల్లో చదువుకునే నవలల్లో ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఆ కోవలో ఇంత కాలం నిలిచినవి తక్కువ. దీన్ని సాధారణంగా ఎండా, పూలూ, నీలిసముద్రమూ కలిసి నలుగురు స్త్రీల మనసులను బాగుచేసిన కథగా చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు గాని, సగం మాత్రమే. వట్టి ఎండా పూలే అయితే ఇది ఒక విహారయాత్రా వర్ణనగా మిగిలిపోయేది. దీన్ని నవలగా నిలబెట్టింది లెక్క. తెలుగులో ‘వాటా’ అన్న మాటకు ఖర్చులో ఒకరి వంతు అనీ, అద్దె ఇంట్లో ఒక కుటుంబం ఉండే భాగమనీ రెండు అర్థాలున్నాయి. ఆ రెండు అర్థాల్లోనూ ఈ నవల వాటాల కథే. ఎవరి వాటా ఎంత, ఎవరి వాటా ఎక్కడిదాకా అన్న ప్రశ్నల మీదే కథ నడుస్తుంది. ఆ లెక్క ఒకరి చేతిలో సడలిన కొద్దీ కథలోకి తేలికదనం వస్తుంది.

ముందు డబ్బు సంగతి చూడాలి. కోట అద్దె నెలకు 60 పౌండ్లు. లాటీకి భర్త బట్టల ఖర్చుకింద ఏటా ఇచ్చేది 100 పౌండ్లు. అందులోంచి ఏళ్ళ తరబడి మిగిల్చి ఆమె దాచుకున్నది 90. భర్త మెల్లర్ష్ న్యాయవాది. పొదుపును మెచ్చుకునే మనిషే గాని, ఆ పొదుపు తన కంచంలోకి వచ్చినప్పుడు మాత్రం దానికి పొదుపన్న పేరు పోయి, ఇల్లు నడపడం చేతకానితనం అవుతుంది. కష్టకాలానికి పనికొస్తుందని నాలుగు రాళ్ళు వెనకేయమన్నది అతనే. ఇంగ్లీషువాళ్ళు కష్టకాలాన్ని వానరోజు అంటారు. ఆ డబ్బును ఖర్చుపెట్టాలన్న ఆలోచన లాటీకి నిజంగా వాన కురుస్తున్న రోజునే పుడుతుంది. ఇద్దరే పంచుకుంటే మనిషికి 30 పౌండ్లు, అంటే లాటీ దాచినదానిలో మూడోవంతు. నలుగురైతే 15 పౌండ్లు, అంటే ఆరోవంతు. మూడోవంతుకూ ఆరోవంతుకూ మధ్య ఉన్న ఆ తేడాయే మరో ఇద్దరు అపరిచితులను కథలోకి తీసుకొచ్చింది. ఈ నలుగురినీ ఒకచోట చేర్చింది స్నేహమూ కాదు, విధీ కాదు, ఒక భాగహారం.

సహవాసులు కావాలని వీళ్ళిద్దరూ ఇచ్చిన ప్రకటనకు వచ్చిన జవాబులు రెండే. ఒకరు మిసెస్ ఫిషర్, 65 ఏళ్ళ వితంతువు. విక్టోరియా కాలపు మహానుభావులను చిన్నతనంలో దగ్గరగా చూసిన మనిషి. ఎండలో కూర్చుని పోయినవాళ్ళను తలుచుకోవడానికి చోటుంటే చాలనుకుంటుంది. తన మర్యాదకు హామీదారులుగా ఆమె చూపినవారు రాయల్ అకాడమీ అధ్యక్షుడు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు. రెండో ఆమె 28 ఏళ్ళ లేడీ కారొలైన్ డెస్టర్. గొప్పింటి పిల్ల, చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేని అందగత్తె. తనను ఎరిగినవాళ్ళెవరూ లేనిచోటికి పోవాలన్నదే ఆమె కోరిక. లాటీ, రోజ్ మధ్యతరగతి ఇల్లాళ్ళు. ఫిషర్ పాత కాలపు పెద్దరికానికి, కారొలైన్ ఉన్నత కులీనతకు చెందినవాళ్ళు. లండన్‌లో ఈ నలుగురూ ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశమే లేదు. ఆ అవకాశం ఇచ్చినవి తలా 15 పౌండ్లు.

ఆ డబ్బుకు ఆ కాలంలో ఉన్న విలువ అంకెల్లో కనిపించేది కాదు. 1914-18 యుద్ధంలో బ్రిటన్ ఏడు లక్షలమందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. 1921 జనాభా లెక్కల్లో పురుషులకన్నా స్త్రీలు 17 లక్షలకు పైగా ఎక్కువ తేలారు. పార్లమెంటు ఎన్నికల్లో 30 ఏళ్ళు దాటి ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు వచ్చింది 1918లోనే. భర్త అనుమతి అడగకుండా, తాను దాచుకున్న సొమ్ముతో, తనకోసం ఒక నెల కొనుక్కోవడమన్నది లాటీ వంటి గృహిణికి చిన్న సాహసం కాదు. నవల ఈ నేపథ్యాన్ని ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. కారొలైన్ పెళ్ళాడదలచిన ఒకే ఒక్క మనిషి యుద్ధంలో పోయాడన్నది కూడా పక్కమాటగా దొర్లిపోతుంది. దుఃఖాన్ని దాచకుండానే దాని మీద నిలబడిపోకుండా సాగడం తేలిక రచనలో కష్టమైన విద్య. ఫాన్ ఆర్నిమ్‌కు ఆ విద్య బాగా తెలుసు.

ఇక ఇంటి వాటాలు. ముందుగా వచ్చి మంచిచోటు పట్టుకోవాలన్న ఉద్దేశంతో ఫిషరూ, కారొలైనూ ఎవరికి వారు ఒకరోజు ముందే కోటకు చేరతారు. ప్రకటన చూసినవాళ్ళు, ఉత్తరాలు నడిపినవాళ్ళు, ఈ ఆలోచనకే మూలమైనవాళ్ళు లాటీ, రోజ్. వాళ్ళు వానలో, చీకట్లో, భయపడుతూ వచ్చేసరికి మంచి గదులు చేతులు మారిపోయాయి. సముద్రం మీదికి తెరుచుకునే కూర్చునే గది ఒకటి ఫిషర్ సొంతమైంది. ఒక మూల తోట కారొలైన్‌ది. రోజ్ మనసు చివుక్కుమంటుంది. పిలిచినవాళ్ళం మనమైతే, ఇంటివాళ్ళలా ప్రవర్తిస్తున్నది వాళ్ళేమిటన్నది ఆమె బాధ. భోజనాల బల్ల దగ్గర ఇదే మరింత సూక్ష్మంగా జరుగుతుంది. ఫిషర్ బల్ల తలవైపు కూర్చుని, ఇంకొంచెం ఏమైనా కావాలా అని రోజ్‌ను అడుగుతుంది. రోజ్ కూడా అంతే మర్యాదగా అదే ప్రశ్న ఫిషర్‌ను అడుగుతుంది. కొసరి వడ్డించే అధికారం ఇంటి యజమానురాలిది. ఇక్కడ ఆ అధికారం ఎవరిదో తేలలేదు. రెండు పలకరింపుల్లో ఒక యుద్ధం జరుగుతున్నదని ఆ ఇద్దరికీ తెలుసు, పాఠకుడికీ తెలుసు. గొంతు ఎవరూ పెంచరు.

ఇటువంటి నవలల్లో అపరిచితులే ఎందుకు ఉండాలన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. బంధువుల మధ్య జరిగే ప్రతి చిన్న తగాదా వెనకా పాత బాకీలుంటాయి. ఎప్పుడో ఏ పెళ్ళిలోనో జరిగిన అవమానం ఇవాళ కాఫీ చల్లారిందన్న రూపంలో బయటపడుతుంది. ఎవరు ఎవరికి ఎంత రుణపడి ఉన్నారో ఎవరూ తేల్చలేరు. తలా 15 పౌండ్లు కట్టి ఒకే కప్పుకిందికి చేరినవాళ్ళ మధ్య పాత బాకీ అంటూ ఏదీ లేదు. లెక్క ఆ రోజే మొదలవుతుంది. అందువల్ల వాటాకు మించి ఎవరైనా ఏదైనా ఇస్తే, అది తిరుగు చెల్లింపుగానో మొహమాటంగానో కాక, అచ్చమైన ఇవ్వడంగా కనిపిస్తుంది.

ఆ ఇవ్వడం లాటీతో మొదలవుతుంది. మొదటి ఉదయం ఆమె ఒంటరిగా, తనదంటూ ఉన్న చిన్న గదిలో నిద్రలేస్తుంది. కిటికీ అవతల అంతా ఎలా ఉంటే బాగుండునో అలా ఉంటుందో లేదోనన్న బెంగతో, ఆ క్షణాన్ని కాస్త ఆలస్యం చేసుకుంటూ, చివరికి కిటికీ తలుపులు తెరుస్తుంది. కింద కదలీ కదలని సముద్రం, ఆవల కొండలు, తెల్లని పిట్టల్లా చేపల పడవలు, ఆ వెలుగునంతా నిలువునా కోస్తున్నట్టు నల్లటి సైప్రస్ చెట్టు. ఆ దృశ్యంతో లాటీకి లెక్క పోతుంది. గది ఎవరు తీసుకున్నారు, బల్ల తలవైపు ఎవరు కూర్చున్నారు అన్నవి ఆమెకు పట్టవు. ఫిషర్ గది తీసుకుంటే తీసుకోనీ, అది ఆమెకు సంతోషమేగదా అన్నది ఆమె ధోరణి. ఇది త్యాగం కాదు. త్యాగం చేసేవాళ్ళు తాము వదులుకున్నదాన్ని గుర్తుపెట్టుకుంటారు. లాటీ వదులుకున్నట్టే గుర్తించదు. నవలలో అందరికన్నా తెలివైన మనిషి ఆమె కాదు, అందమైన మనిషీ కాదు. విందుల్లో ఎవరి కంటా పడని మనిషి అని రచయిత్రి ముందే చెప్పింది. అటువంటి మనిషి చేతికి ఇంటి వాతావరణమంతా మారే తాళాన్ని ఇవ్వడం ఈ నవలలోని మంచి నిర్ణయాల్లో ఒకటి.

మిగిలిన ముగ్గురి కథల్లోనూ వాటా ప్రశ్న వేర్వేరు రూపాల్లో ఉంది. కారొలైన్ సమస్య, లోకమంతా తనలో వాటా అడగడం. చూసిన ప్రతివాడూ తనను అంటిపెట్టుకుంటాడు. ఆమె కసురుకున్నా ఆ గొంతులోని మాధుర్యం వల్ల అది కసురుగా వినపడదు. మొహం చిట్లించినా అది అందంగానే ఉంటుంది. కోపం ప్రకటించే హక్కును కూడా అందం లాగేసుకున్న మనిషి ఆమె. తోటలో కుర్చీ వేసుకుని, పిట్టగోడమీద కాళ్ళు పెట్టుకుని, తలనొప్పి సాకుతో భోజనాలు ఎగ్గొట్టి, ఎవరికీ ఏమీ కాకుండా ఉండటమే ఆమెకు సెలవు. ఆ ఒంటరితనంలో ఆమె మొదటిసారి తన బతుకు గురించి ఆలోచించి, అది చప్పుడు తప్ప మరేమీ కాదేమోనని భయపడుతుంది. సరదా నవలలో ఈ పేజీలు చాలా లోతైనవి. రోజ్ సమస్య దీనికి తలకిందులు. ఆమె సమయమంతా ఊరి పేదలకు పంచిపెట్టింది. రాజుల ఉంపుడుగత్తెల చరిత్రలు రాసి డబ్బు గడించే భర్త ఫ్రెడరిక్ సంపాదన పాపమనుకుని, ఆ పాపానికి పరిహారంగా దానాలు చేస్తూ, ఆ మనిషికి మాత్రం తనలో వాటా లేకుండా చేసింది. ఇక మిసెస్ ఫిషర్ బతికున్నవాళ్ళకు ఏ వాటా ఇవ్వదు. ఆమె కాలమంతా చనిపోయినవాళ్ళదే. చేతికర్ర ఆనించి కూర్చున్న ఆమెకు ఏప్రిల్ నడుమ ఒళ్ళంతా మొగ్గలు తొడుగుతున్నట్టు వింత అనుభూతి కలుగుతుంది. ఎండిన మోడు చిగురించడం తెలుగులో పాతబడిన పోలిక. ఫాన్ ఆర్నిమ్ మాత్రం ఆ అనుభూతిని ఫిషర్ సిగ్గుపడి దాచుకునేదిగా, ఈ వయసులో మర్యాద కాదనుకునేదిగా చూపించి పోలికకు ప్రాణం పోసింది.

కథ సగానికి వచ్చేసరికి మిగిలిన ఒకే ఒక్క ఖాళీ గది తగువుకు కారణమవుతుంది. ఎవరి దగ్గరినుంచి పారిపోయి వచ్చిందో ఆ భర్తనే లాటీ పిలవాలనుకుంటుంది. ఫిషర్ తన స్నేహితురాలికి ఆ గది కావాలంటుంది. ఇప్పటి పాఠకులకు ఇబ్బంది కలిగించేది సరిగ్గా ఈ మలుపే. స్త్రీలు తమకోసం కొనుక్కున్న నెలలోకి పురుషులను రచయిత్రి ఎందుకు రప్పించింది? మెల్లర్ష్ వచ్చింది కూడా భార్య మీది ప్రేమతో కాదు. లేడీ కారొలైన్ కుటుంబం వంటి కక్షిదారులు దొరకవచ్చన్న ఆశ అతనిది. వచ్చీరాగానే స్నానాల గదిలో నీళ్ళు కాచే పొయ్యి పేలి, అతను తువ్వాలు చుట్టుకుని బయటికి దూకి, సరిగ్గా కారొలైన్ ఎదుట పడతాడు. ప్రహసనంలాంటి ఈ దృశ్యానికి నవలలో పని ఉంది. వేషమూ హోదా లేకుండా అందరిముందూ నిలబడ్డాక అతని దర్పం మళ్ళీ పూర్తిగా ఎక్కదు. అతను మారాడా, లేక ఆ ఇంట్లో మంచిగా ఉండటం లాభసాటి అని గ్రహించాడా అన్నది రచయిత్రి తేల్చలేదు. ఆ తేల్చకపోవడం నిజాయితీ.

ఫ్రెడరిక్ విషయంలో ఆమె ఇంకా ముందుకు వెళ్ళింది. అతను లండన్‌లో మరో పేరుతో కారొలైన్ వెంట తిరిగినవాడు. కోటకు వచ్చింది కారొలైన్ కోసమే. తన భార్య అక్కడున్నట్టు అతనికి తెలియదు. రోజ్ మాత్రం తాను పిలిచిన ఉత్తరం అంది, తనకోసమే వచ్చాడనుకుని అతన్ని హత్తుకుంటుంది. అతను సర్దుకుంటాడు, భార్య మీద మరిచిపోయిన ప్రేమ తిరిగి వస్తుంది కూడా. కారొలైన్‌కు సంగతి అర్థమై నోరు మెదపదు. అంటే రోజ్ ఆనందమంతా ఆమెకు తెలియని ఒక అబద్ధం మీద, మరో స్త్రీ మౌనం మీద నిలిచి ఉంది. ఎప్పుడూ ఎవరికీ ఏమీ ఇవ్వకూడదనుకున్న కారొలైన్, తనలో ఎవరూ వాటా అడగకుండానే మొదటిసారి ఇచ్చింది ఈ మౌనం. ఇది తీపి ముగింపే గాని, ఆ తీపికి అడుగున ఒక వగరు ఉంది. దీన్ని వట్టి కాలక్షేపం నవల అనేవాళ్ళు ఆ వగరును పట్టించుకోలేదనే అనాలి.

రచయిత్రి జీవితం తెలిస్తే ఈ వగరు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. ఆమె అసలు పేరు మేరీ అనెట్ బోషాంప్. 1866లో సిడ్నీలో పుట్టింది. కథకురాలు కాథరిన్ మాన్స్‌ఫీల్డ్ ఆమెకు బంధువు. ఒక జర్మన్ ప్రభువును పెళ్ళాడి పొమెరేనియాలోని ఎస్టేటులో ఉన్న రోజుల్లో, 1898లో, తన పేరు లేకుండా వేసిన తోట పుస్తకం ఆమెకు కీర్తి తెచ్చింది. భర్త పోయాక 1916లో తత్వవేత్త బర్ట్రండ్ రస్సెల్ అన్నగారైన ఫ్రాంక్ రస్సెల్‌ను చేసుకుంది. ఆ కాపురం మూడేళ్ళకే చెడింది. భార్యను ఊపిరాడనివ్వని భర్త కథగా ‘వేరా’ అన్న నవల 1921లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఈ ఏప్రిల్ కథ. పెళ్ళి ఎంత భయంకరం కాగలదో అంతకుముందే రాసిన మనిషి, భర్తలు మెత్తబడే కథ రాసిందంటే, ఆమెకు లోకం తెలియక రాసిందనలేము. ఎలాగైతే బాగుండునో తెలిసి, అలా కావడానికి ఎంత ఎండ, ఎంత దూరం, ఎంత అదృష్టం కావాలో లెక్కగట్టి రాసింది.

కోట కూడా కల్పన కాదు. నవలలో శాన్ సాల్వటోర్ అని పేరు పెట్టినా, అది జెనోవా దగ్గరి పోర్టోఫినోలో కొండకొన మీదున్న కాస్టెల్లో బ్రౌన్. జెనోవాలో బ్రిటిష్ కాన్సుల్‌గా ఉన్న మాంటేగ్ యేట్స్-బ్రౌన్ 1867లో దాన్ని కొన్నాడు. ఆ పేరే దానికి నిలిచింది. ఫాన్ ఆర్నిమ్ 1921 ఏప్రిల్‌లో అక్కడ అద్దెకుంది. 1991లో మైక్ న్యూవెల్ తీసిన సినిమాకు చిత్రీకరణ కూడా అక్కడే జరిగింది. ఆ సినిమాకు మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. పూల వరస కల్పించినది కాదన్నది నవల చదువుతుంటేనే తెలుస్తుంది. మొదట విస్టీరియా, చివరివారంలో తెల్లని అకేషియా పూస్తాయి. పాఠకుడు తేదీలు చూడనక్కరలేకుండా నెల ఎంత గడిచిందో పూలే చెబుతాయి.

తెలుగు పాఠకుడికి ఇక్కడ రెండు అడ్డంకులు వస్తాయి. ఏప్రిల్ అంటే మనకు వడగాడ్పులు మొదలయ్యే నెల. ఎండ కోసం డబ్బు పోసి వెళ్ళడమన్నది వెంటనే మనసుకెక్కదు. వానా చలీ నిండిన ఆరునెలల చీకటి తర్వాతి ఎండ అది అని గుర్తుపెట్టుకుంటే, మన తొలకరికి మనం పడే సంబరంతో దాన్ని పోల్చుకోవచ్చు. రెండోది, మన వేసవి సెలవులు అమ్మమ్మగారింటివి. వెళ్ళేది అయినవాళ్ళ దగ్గరికే. పరాయివాళ్ళతో ఒక కప్పుకింద ఉండటం మనకు సెలవుల అనుభవం కాదు, వాటాల ఇళ్ళ అనుభవం. ఒకే ఆవరణ, ఒకే నుయ్యి, నాలుగు వాటాలు, దండెం ఎవరిదన్న పేచీ, పండగనాడు ఒక వాటాలోంచి మరో వాటాలోకి వెళ్ళే గిన్నె. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదన్న మర్యాద తెలిసినవాళ్ళకు ఫిషర్, రోజ్‌ల మర్యాదల యుద్ధం వెంటనే అర్థమవుతుంది. లెక్కలో లేనిదాన్ని లాటీ ఎలా ఇవ్వగలిగిందన్నదీ అర్థమవుతుంది.

ఈ నవల మీద ఎంత ప్రేమ ఉన్నా దాటిపోలేని లోపం ఒకటుంది. ఇంట్లోనే ఉంటారని ప్రకటనలో చెప్పిన పనివాళ్ళు, అంటే వంటమనిషి కోస్టాంజా, పరిచారిక ఫ్రాంచెస్కా, తోటమాలి డొమెనికో, కథ పొడుగునా ఉంటారు. కానీ నలుగురు స్త్రీల మనసుల్లోకీ, చివరికి మెల్లర్ష్ మనసులోకీ అంత చొరవగా దూరే కథనం వీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా గుమ్మంలోనే ఆగిపోతుంది. వాళ్ళు నవ్విస్తారు, అందిస్తారు, లాటీకి పూల పేర్లు చెబుతారు. ఇంటి పనినుంచి విడుదలైన ఇల్లాళ్ళ నెల ఇది. ఆ పని ఎక్కడికీ పోలేదు, మరో స్త్రీ చేతుల్లోకి మారింది. కొంగు బిగించి పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ స్త్రీకి కూడా అదే సముద్రం అదే కిటికీలోంచి కనిపిస్తూ ఉండాలి. ఆ నెలలో ఆమె వాటా ఏమిటన్న ప్రశ్న నవలలో ఎవరికీ రాదు.

చివరి వాక్యంలో మే 1న అందరూ వెళ్ళిపోతారు. కొండ దిగి, ఇనుపగేటు దాటి ఊళ్ళోకి వచ్చాక కూడా అకేషియా వాసన వాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. ఆ ‘అందరూ’ అన్న మాటలో కోస్టాంజా లేదు, ఫ్రాంచెస్కా లేదు, ఆ చెట్లకు నీళ్ళు పోసిన డొమెనికో లేడు.